ఇనప పొడి పొంగదు

నేను కడిగిన గాజు సామాను మీద మరక ఉందని ఎవరైనా చూపిస్తే ఆ రోజే ఉద్యోగం మానేస్తానని ఇరవై ఆరేళ్ళ కిందట చెప్పాను. ఇంతవరకూ మానాల్సిన అవసరం రాలేదు. పరిశోధనశాల మూడో అంతస్తులో చివరి గది నాది. రెండు సింకులు, పదకొండు రకాల బ్రష్షులు, ప్రెషర్ కుక్కర్‌కి పెదనాన్నలాంటి ఆవిరి డబ్బా ఒకటి, కిటికీ కింద సామాను ఆరబెట్టే అరలు. డాక్టరేటు కోసం చదివేవాళ్ళు, చదివినవాళ్ళు, చదివి తల పండినవాళ్ళు అందరూ తమ ఎంగిలి బీకర్లు పట్టుకుని నా గుమ్మం దగ్గరికి రావలసిందే. నాకు ముక్కు మీద కోపమని వాళ్ళంతా అనుకుంటారు. నిజమే. బీకరు అడుగున జిగురు ఎండబెట్టి తెచ్చి, పైగా నవ్వుతూ నిలబడితే ఎవరికి మాత్రం కోపం రాదు?

మా చెల్లెలి కూతురు అక్కడే పరిశోధనకు చేరి మూడేళ్ళయింది. ఇంట్లో అందరం దాన్ని చీమ అంటాం. చిన్నప్పుడు కింద ఒలికిన పంచదార పలుకులు ఏరి, వరసగా పేర్చి లెక్కపెట్టుకునేది. ఆ పేరు అలా అతుక్కుపోయింది. పెద్దయ్యాక కూడా దాని చూపు చిన్నవాటి మీదే. ఈస్ట్ మీద పని చేస్తానని అది మొదట చెప్పినరోజు మా చెల్లి పడీపడీ నవ్వింది. మా చెల్లికి రొట్టెల బట్టీ ఉంది మరి.

"దానికోసం ఇంత చదువు చదవాలా? బట్టీకి రావే, రోజూ గంపెడు ఈస్ట్ చూపిస్తాను" అంది.

"అది రొట్టెలు పొంగించే ఈస్టేనమ్మా. కాకపోతే నేను దాన్ని అయస్కాంతం వెంట నడిపిస్తాను" అంది చీమ.

మా ఇద్దరి మొహాలూ చూసి అది కూర్చుని విడమరిచి చెప్పింది. ఈస్ట్ అంటే ఉత్త పొడి కాదు, ప్రాణమున్న గుండ్రటి కణాలు. మురికినీళ్ళలోని విషపు లోహాలను అవి ఒంటికి పట్టించుకుంటాయి. అంతవరకూ బాగానే ఉంది. పట్టించుకున్నాక వాటిని నీళ్ళలోంచి బయటికి తీయడమే తలనొప్పి. అందుకని ఇనప తుప్పుకు దగ్గర చుట్టమైన నల్లటి నానో రేణువుల పొడిని ఈస్ట్ ఒంటికి అంటిస్తే, అయస్కాంతం చూపించగానే మొత్తం ఒక పక్కకు వచ్చేస్తుంది. ఆ నల్ల రేణువులు ఎంత చిన్నవంటే, తలవెంట్రుక మందంలో ఆరేడు వేలు పక్కపక్కనే నిలబడతాయట.

"ఎవరి తలవెంట్రుక? నాదైతే ఈమధ్య బాగా పలచబడింది" అంది మా చెల్లి.

ఇది నవ్వులాటగా మొదలైంది. మూడు నెలల కిందట ఒక మధ్యాహ్నం చీమ నా గదిలోకి పరిగెత్తుకుంటూ వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"పెద్దమ్మా, వచ్చింది! రా, చూద్దువుగాని. నీళ్ళలోంచి అవే నడిచొస్తున్నాయి!"

అప్పుడు నా చేతులు మోచేతుల దాకా సబ్బులో ఉన్నాయి. సింకు నిండా సామాను. "ఆ బురద చూడ్డానికి నాకు తీరికెక్కడిదే? నువ్వు చూశావుగా, చాలు" అన్నాను. అది ఒక్క క్షణం నిలబడి వెళ్ళిపోయింది. ఆ రోజు అందరూ సెలవు పెట్టుకున్నట్టు గదులన్నీ ఖాళీగా ఉన్నాయి. చీమ ఒక్కతే చూసింది, ఫోనుతో చిన్న వీడియో తీసుకుంది. ఇంకెవరూ చూడలేదు. నేను పది అడుగులు వేసి ఉంటే రెండో సాక్షినయ్యేదాన్ని.

ఆ తరువాత వారానికే దాని బల్ల మీదికి కొత్త యంత్రం వచ్చింది. పాతది పాడై మూలపడి నెల దాటింది కాబట్టి ఇది వచ్చినందుకు చీమ పండగ చేసుకుంది. చూడ్డానికి తూకం కాటాలా ఉంటుంది. దాని మీద బీకరు పెట్టి, బీకర్లో ఒక చిన్న తెల్లటి ముక్క వేసి మీట నొక్కితే, ఆ ముక్క అడుగున గిరగిరా తిరుగుతూ నీళ్ళను కలుపుతుంది. జ్వరానికి మింగే గొట్టం మాత్రలా ఉంటుంది కాబట్టి మేమంతా దాన్ని మాత్ర అంటాం. నా సింకులో పడితే జాలీకి కరుచుకుపోయి ఒక పట్టాన ఊడి రాదు. ఇనప చువ్వతో తీయాల్సి వస్తుంది. అందుకే నాకు ఆ మాత్రలంటే మంట.

కొత్త యంత్రంతో చీమ మళ్ళీ అదే పని చేసింది. రాలేదు. ఈస్ట్ నీళ్ళు మజ్జిగలా తెల్లగా బీకర్లో కూర్చున్నాయి తప్ప అయస్కాంతం వైపు కన్నెత్తి చూడలేదు. నెల తిరిగాక రెండోసారి చేసింది. అదే తంతు. రెండుసార్లూ మాత్ర మాత్రం నా దగ్గరికి నల్లటి గోధుమరంగు జిగురు పట్టి వచ్చింది.

"ఏం రోగమే దీనికి?" అని అడిగాను.

"అది ఈస్ట్‌కి అంటుకోకుండా మిగిలిపోయిన నల్ల పొడి పెద్దమ్మా. ముద్దకట్టి దానికి పట్టింది. కడిగెయ్" అంది నీరసంగా.

కడిగేశాను. కడగడమంటే అలా ఇలా కాదు. ఆ జిగురు ఉడుం పట్టు పట్టింది. గట్టి బ్రష్షు తీసి, వేడినీళ్ళు పోసి, తెల్లగా మెరిసేదాకా తోమాను. రెండుసార్లూ అంతే. తోమాక వెలుగులో పట్టుకుని చూసుకుని నాలో నేనే మెచ్చుకున్నాను కూడా.

చీమ పనిని చూసే పెద్దాయనను మేము గడియారం సారు అంటాం. ఉదయం తొమ్మిదికి మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు వింటే గోడ గడియారాన్ని సరిచేసుకోవచ్చు. చెడ్డవాడు కాదు, కేకలేయడు. కానీ ఆయనకు ఒకసారి జరిగింది రెండోసారి జరగకపోతే మొదటిది కూడా జరగనట్టే. సోమవారం ఆయన చీమను పిలిచి, నెమ్మదిగానే, ఒక మాట అడిగారట: "మూడు నెలల కిందటి ఆ వీడియో నువ్వు ఎలా తీశావు?"

అడిగింది అంతే. కానీ అందులో ఏముందో అర్థం కాని మొద్దు కాదు చీమ. అప్పటికే పక్క బల్లల దగ్గర గుసగుసలున్నాయి. గాజుకు అవతల ఇనప రజను పోసి తీసిందట అని ఎవరో నవ్వుతూ అన్నారు. శుక్రవారం పది గంటలకు తన ముందు చేసి చూపించాలన్నారు సారు. రాకపోతే ఆ పని అక్కడితో మూసేస్తారు, చీమ సీటు ఖాళీ చేయాలి. సీటు పోతే ఇంకో చోట దొరుకుతుందేమో. అబద్ధమాడిందన్న పేరు పడితే మాత్రం అది ఎక్కడికి వెళ్ళినా దాని కన్నా ముందే వెళ్ళి కూర్చుంటుంది.

బుధవారం మూడోసారి చేసింది. అదీ పోయింది. సాయంత్రం నాలుగింటికి ఆ ఈస్ట్ నీళ్ళను పారబోత డబ్బాలో వంచేసి, జిగురు పట్టిన మాత్రతో బీకరు తెచ్చి నా సింకు పక్కన పెట్టింది. పెట్టి, వెళ్ళకుండా గోడకు ఆనుకుని నిలబడింది.

"పెద్దమ్మా, నాకే అనుమానం వస్తోంది" అంది. "ఆ రోజు నేను నిజంగా చూశానా? లేక చూడాలని అంతగా అనుకుని, చూశాననుకున్నానా?"

పంచదార పలుకు ఒకటి తక్కువైతే ఇల్లంతా వెతికిన పిల్ల అది. దానికి దాని కళ్ళ మీదే నమ్మకం పోయింది. నాకు అలవాటైన పద్ధతిలోనే, "పిచ్చి వాగుడు వాగక ఇంటికెళ్ళి ఏదైనా తిను" అని కసిరాను. వెళ్ళిపోయింది.

తరువాత కుళాయి తిప్పితే గాలి చప్పుడు తప్ప చుక్క రాలేదు. కింద పైపు పగిలిందట, రేపు ఉదయానికి గాని నీళ్ళు రావట. నేను ఎవరెవరిని ఏమేమి తిట్టానో ఇక్కడ రాయను. ఏ రోజు సామాను ఆ రోజు కడిగి తీరాలన్నది మా నియమం. అంతకన్నా నా భయం వేరే. ఆ జిగురు రాత్రికి ఎండిందంటే తెల్లారి తోమలేక చావాలి. తడిగా ఉంచుదామంటే నీళ్ళు లేవు. పారబోయమని ఎవరో వదిలేసిన సీసాలో కాస్త తీపి నీళ్ళు కనిపించాయి. ఈస్ట్‌కి మేతగా పోసే పంచదార నీళ్ళవి. అవే మాత్ర మునిగేదాకా బీకర్లో వంచేసి, మూత బోర్లించి ఇంటికి పోయాను.

గురువారం ఎనిమిదింటికి వచ్చి, కుళాయిలో నీళ్ళు చూసి ప్రాణం లేచొచ్చి, బ్రష్షు అందుకుని బీకరు మూత తీశాను.

మా చెల్లెలి బట్టీ వాసన కొట్టింది.

పొద్దున్నే పిండి పొంగి గంగాళం అంచు దాటేటప్పుడు ఆ గది నిండా ఉండే వాసన. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నాకు తెలిసిన వాసన, ఎందుకంటే ఆ బట్టీ అంతకుముందు మా అమ్మది. బీకర్లోకి వంగి చూశాను. పైన వేలెడు మందం నురగ. కింద మాత్ర చుట్టూ ఉన్న నల్ల జిగురు నిన్నటికన్నా ఉబ్బి ఉంది. దానిలోంచి చిన్న చిన్న బుడగలు వరస తప్పకుండా పైకి వస్తున్నాయి. ఒకటి పగిలితే వెనకే ఇంకొకటి.

బ్రష్షు ఉన్న చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. నేను పెద్ద చదువులు చదవలేదు. కానీ ఇనప పొడి పొంగదు. ఆ మాత్రం నాకు తెలుసు. పొంగేది ఈస్ట్. మరి ఈస్ట్ పోయి మాత్రను ఎందుకు కౌగిలించుకుంది?

ఆ బ్రష్షును బీకరుకు ఎంత దూరంగా పెట్టగలనో అంత దూరంగా పెట్టి చీమకు ఫోను చేశాను. అది ఉబ్బిన కళ్ళతో వచ్చింది.

"ఇదేంటో చెప్పు" అన్నాను.

"చెప్పాగా పెద్దమ్మా, మిగిలిపోయిన నల్ల పొడి."

"వాసన చూడు."

వంగింది. ముక్కు ఎగబీల్చింది. బుడగలు చూసింది.

"ఇంకొకటి చెప్తాను విను" అన్నాను. "నీకు వచ్చిందన్న రోజు నా సింకుకు గాజు కడ్డీ వచ్చింది. పాత యంత్రం పాడై ఉంది, నువ్వు చేత్తో కలుపుకున్నావు. రానప్పుడల్లా నాకు మాత్ర వచ్చింది. మీరు ఏం చేస్తారో నాకు తెలియదే, నాకు వచ్చే ఎంగిలి సామాను తెలుసు. ఈ మాత్ర లోపల ఏముంటుంది?"

"అయస్కాంతం" అంది చీమ. అని, ఆ మాట తన చెవిన పడ్డాక, అలాగే నేల మీద చతికిలబడింది.

కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా గాలించిన మనిషిలా ఉంది దాని వాలకం. నవ్వుతోంది, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. "అంటుకున్నవన్నీ దీని దగ్గరికే పోయాయి పెద్దమ్మా! యంత్రం తిప్పుతున్నంతసేపూ ఒక్కొక్కటే వచ్చి దీన్నే పట్టుకున్నాయి. అంటుకోనివి మాత్రమే నీళ్ళలో మిగిలాయి. నేను ప్రతిసారీ ఆ మిగిలినవాటికే అయస్కాంతం చూపించి, రాలేదు రాలేదని ఏడుస్తూ కూర్చున్నాను. ప్రతిసారీ వచ్చింది! ప్రతిసారీ!"

నేను దానితో పాటు నవ్వబోయాను. సగంలో ఒక సంగతి తట్టింది. ప్రతిసారీ వచ్చింది సరే. వచ్చినదాన్ని గట్టి బ్రష్షుతో, వేడినీళ్ళతో తోమి సింకులోకి తోలింది ఎవరు? రెండుసార్లు. పైగా వెలుగులో పట్టుకుని మెచ్చుకుంది ఎవరు? మూడోది దక్కిందంటే నా గొప్ప కాదు, పైపు పగలబట్టి. తల కొట్టేసినట్టయింది.

"నేనే కదే పారబోశాను" అన్నాను.

"నేనే కదా కడగమన్నాను" అంది, లేచి కళ్ళు తుడుచుకుంటూ.

ఆ జిగురును మాత్ర నుంచి ఊడదీయడం దానికి చేతకాలేదు. దానిచేత అయ్యే పని కాదది. చేతికి తొడుగు వేసుకుని, చూపుడువేలి కండతో, పసిపిల్ల చెంప తుడిచినట్టు మాత్ర మీద ఒక కొస నుంచి ఇంకో కొసకు నెమ్మదిగా తోసి, కొసన పేరుకున్నదాన్ని గాజు పలక మీదికి నేను జార్చాను. ఇన్నేళ్ళలో దేన్నైనా శుభ్రం చేయకుండా తీయడం నాకు అదే మొదటిసారి.

చీమ ఆ పలకను మైక్రోస్కోపు కింద పెట్టి, తను చూసి, పక్కకు జరిగింది. "రా పెద్దమ్మా, చూడు."

అదే మాట. ఈసారి వెళ్ళాను.

అలాంటి పలకలు నేను లక్షల్లో కడిగి ఉంటాను. వాటి మీద ఏముందో ఒక్కసారి కూడా చూడలేదు. కళ్ళు ఆనించగానే ముందు నా కనురెప్పలే కనిపించాయి. తరువాత గుండ్రటి గింజలు కనిపించాయి. నీళ్ళంత పలచని ఒళ్ళు, లోపల ఏదో మెరుపు, పైన మసి చల్లినట్టు నల్లటి చుక్కలు. ఎన్ని ఉన్నాయో! నా గోటి మీద పట్టే చుక్క నీళ్ళలో ఇంత మంది కాపురముంటున్నారా అనిపించింది.

"ఇప్పుడు చూడు" అంటూ చీమ పక్క నుంచి చిన్న అయస్కాంతం దగ్గరికి తెచ్చింది.

అన్నీ ఒక్కసారి కదిలాయి. ఎవరో పిలిస్తే అటు తిరిగినట్టు తిరిగాయి. పక్కనున్నదాన్ని పక్కనున్నది పట్టుకుని బారులు బారులుగా ఏర్పడి, తొందరేమీ లేకుండా, ఒకే వైపుకు సాగాయి. వాటికి చెవులు లేవు, కళ్ళు లేవు, కాళ్ళు లేవు. అయినా పోతున్నాయి. మా అమ్మ పిసికి, మా చెల్లి పిసికి, నేను తిని పెరిగిన ప్రతి రొట్టె ముక్కనూ పొంగించింది వీళ్ళేనా అనుకుంటే నాకు కళ్ళు తిరిగినంత పనయింది.

"ఇవి బతికే ఉన్నాయా?"

"మధ్యలో ఆ పెద్దదాన్ని చూడు. పక్కన చిన్నది కనిపిస్తోందా? పిల్లను పెడుతోంది. చచ్చినవి పిల్లల్ని కంటాయా?"

చూశాను. తల్లి ఒళ్ళంతా నల్ల చుక్కలు. దాని పక్కనే పుట్టుకొస్తున్న చిన్న బుడిపె తెల్లగా, ఒక్క మచ్చ లేకుండా ఉంది. అయస్కాంతం తల్లిని లాగుతుంటే ఆ పిల్ల కూడా కొంగు పట్టుకున్నట్టు వెంట పోతోంది.

"దానికి నలుపు లేదేం?"

"నలుపు మనం పైన అంటించింది. లోపల్నుంచి పుట్టినదానికి ఎలా వస్తుంది? తల్లి నుంచి విడిపోయాక అయస్కాంతం ఎంత పిలిచినా అది రాదు."

నేను చాలాసేపు కళ్ళు తీయలేదు. సింకు నిండా సామాను ఉందన్న సంగతే మరిచిపోయాను.

ఆ రోజంతా మళ్ళీ మొదటి నుంచి చేశాం. యంత్రాన్ని కింద పెట్టేసి గాజు కడ్డీతో చేత్తోనే కలిపాం. చీమ చెయ్యి నొప్పి పుడితే నేను, నా చెయ్యి నొప్పి పుడితే అది. మధ్యలో మా చెల్లి ఫోను చేసి, "అది తిందా?" అని అడిగింది. "తింటుంది గాని, మీ ఈస్ట్ మహా గట్టిదే, నా బ్రష్షుకు కూడా లొంగలేదు" అన్నాను. దానికేమీ అర్థం కాలేదు. "నీకు మతి పోయింది" అని పెట్టేసింది.

శుక్రవారం పది కొట్టేసరికి గడియారం సారు బల్ల ముందున్నారు. వెనక మరో ఐదారుగురు. వాళ్ళలో ఇనప రజను మాట అన్నవాళ్ళూ ఉన్నారు. సారు ముందే ఒక మాట చెప్పారు.

"గాజు సామానంతా అమ్మగారి అర నుంచి ఆవిడ చేత్తోనే తేవాలి. ఆవిడ కడిగినదాంట్లో ఇంకేమీ ఉండదు."

అది నాకు మర్యాదే. కానీ ఆ కడగడమే ఎంత పని చేసిందో నాకు తెలుసు. నేను ట్రే పట్టుకుని వచ్చి బల్ల మీద పెట్టి, వెళ్ళకుండా అక్కడే నిలబడ్డాను. వెళ్ళమని ఎవరూ అనలేదు.

చీమ బీకర్లోకి ఈస్ట్ నీళ్ళు పోసింది. బురదనీళ్ళ రంగు, అవతల ఏమీ కనిపించనంత చిక్కదనం. సారు తన ఫైలు తీసి బీకరు వెనక నిలబెట్టారు. దాని మీది అక్షరాలు కనపడలేదు. చీమ చిన్న అయస్కాంతాన్ని తీసి బీకరు గోడకు ఆనించింది. నేను ట్రే అంచును పట్టుకుని చూస్తున్నాను.

మొదటి అరనిమిషం ఏమీ లేదు. వెనక ఎవరో దగ్గారు. తరువాత నీళ్ళలో ఒక పక్కన రంగు కాస్త పలచబడినట్టయింది. నా కళ్ళే అనుకున్నాను. కాదు. చిక్కదనమంతా ఒక పక్కకు ఒరుగుతోంది. పొద్దున్నే కిటికీ తెర ఒక కొస నుంచి లాగితే గదిలోకి వెలుతురు వచ్చినట్టు, బీకర్లో వెలుతురు ఆ కొస నుంచి ఈ కొసకు వచ్చింది. ముందు సారు ఫైలు మీద పెద్ద అక్షరాలు, తరువాత చిన్నవి, తరువాత కింద పెన్సిలుతో రాసిన తేదీ కూడా కనిపించాయి. అయస్కాంతం పెట్టిన చోట గాజుకు లోపలివైపు నల్లటి గోధుమరంగు ముద్ద, అరచేతి గుంటంత. మిగతా నీళ్ళు తాగొచ్చనిపించేంత తేటగా ఉన్నాయి.

వెనక దగ్గిన మనిషి దగ్గడం మానేశాడు.

సారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "ఇది ఇనుము ఒక్కటే కావచ్చు కదా?" అన్నారు. ఆ గొంతులో అనుమానం కన్నా ఆశ ఎక్కువగా ఉంది.

"కావచ్చు సార్" అంది చీమ. తేట నీళ్ళు వంచేసి, ఆ ముద్దలో తీపి నీళ్ళు పోసి, బీకరును వెచ్చటి పెట్టెలో పెట్టింది. అదే ముద్దలోంచి ఒక చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. సారు వంగి చూశారు. చీమ పక్క నుంచి అయస్కాంతం దగ్గరికి తెచ్చింది. వంగినాయన వంగినట్టే ఉండిపోయారు.

పదకొండు గంటలకు సారుకు కింద సమావేశం ఉంది. పదకొండయింది. ఎవరో వచ్చి తలుపు దగ్గర గొంతు సవరించుకున్నారు. ఆయన చెయ్యెత్తి ఆగమన్నారు. పదకొండుంపావు అయింది. ఇరవై ఆరేళ్ళలో ఆయన ఒక సమావేశానికి ఆలస్యం కావడం నేను చూడలేదు. వెచ్చటి పెట్టె తలుపు తీసేసరికి బీకర్లో నురగ. గది నిండా మా చెల్లెలి బట్టీ.

సారు కుర్చీలో కూర్చున్నారు. "మరి మధ్యలో మూడుసార్లు ఎందుకు రాలేదు?"

"యంత్రంలో వేసే మాత్ర సార్. అంటుకున్నవన్నీ దానికే పట్టాయి. చూసుకోకపోవడం నా పొరపాటు" అంది చీమ. నా ఊసెత్తలేదు.

నోరు మూసుకుని ట్రే పట్టుకుని వెళ్ళిపోతే సరిపోయేది. నా పేరు మీద మచ్చ పడేది కాదు. కానీ పైపు పగలకపోతే ఈ పాటికి ఈ పిల్ల అబద్ధాలకోరు అయి ఉండేదన్న మాట నా లోపల కుదురుగా కూర్చోనివ్వలేదు.

"రెండుసార్లు మాత్ర మీదున్నదాన్ని తోమి సింకులో పోసింది నేనండి" అన్నాను. "మూడోది నీళ్ళు రాక మిగిలింది. రాత్రంతా కడగకుండా ఉంచాను, అదీ తప్పే. మొదటిసారి వచ్చినరోజు ఈ పిల్ల నన్ను చూడమని పిలిచింది. తీరిక లేదని నేనే రాలేదు. వచ్చి ఉంటే ఇంత దూరం పోయేది కాదు."

సారు నా వైపు చూశారు. తరువాత నా వైపు కాకుండా చీమ వైపు తిరిగారు.

"ఆవిడ సామాను కడిగారు. అది ఆవిడ పని" అన్నారు. "సోమవారం నేను నిన్ను ఒక ప్రశ్న అడిగాను. అది అడగకుండా ఉండాల్సిందమ్మా. నువ్వు చూసింది నిజమే."

చీమ తల ఊపింది. మూడు నెలలుగా పట్టి ఉన్న బిగువంతా దాని భుజాల్లోంచి జారిపోవడం నా కళ్ళతో చూశాను. వెనకవాళ్ళు ఒక్కొక్కరే మైక్రోస్కోపు దగ్గరికి వచ్చారు. ఒకడు కళ్ళు ఆనించి, "అమ్మో" అని మాత్రం అన్నాడు. ఇనప రజను మాట అన్నవాడు వాడే.

బుధవారం నాటి ఆ బీకరు ఇప్పుడు నా అరలో, కిటికీ కింద ఉంది. అందులో ఇంకా ఆ మాత్ర, దాని చుట్టూ కాస్త నల్ల జిగురు ఉన్నాయి. దాని మీద సారు తన చేతిరాతతో చీటీ అంటించారు: కడగవద్దు. ఇరవై ఆరేళ్ళలో నా అరలో మురికిగా నిలబడ్డ సామాను అదొక్కటే. వచ్చినవాళ్ళంతా దాన్ని చూసి నన్ను ఆటపట్టిస్తారు, ఉద్యోగం ఎప్పుడు మానేస్తున్నావని అడుగుతారు. పడతాను.

నిన్న మధ్యాహ్నం చీమ మళ్ళీ గుమ్మంలోకి వచ్చింది. నా చేతులు మోచేతుల దాకా సబ్బులో ఉన్నాయి, సింకు నిండా సామాను ఉంది.

"పెద్దమ్మా, రా, చూడు" అంది.

ఏమిటని కూడా అడగలేదు. చేతులు చీరకు తుడుచుకుంటూ దాని వెనకే వెళ్ళాను.